ఊపిరాడని కార్డు

పోయినవారం మనం మేడమీది గదిలో నల్లబడిన కంప్యూటరు తెర ముందు ఆగిపోయాం. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఒకావిడ ఆ తెర వంక నమ్మలేనట్టు చూస్తోంది. రెండో ఆవిడ అనకూడని మాట అనేసి నాలిక కరుచుకుంది. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

మొదటావిడ కంప్యూటర్లు బాగుచేస్తుంది, కొత్తవి బిగించి ఇస్తుంది. పుట్టింటి కిందిభాగంలోనే షాపు. జ్వరమొచ్చిన పిల్లల్ని తెచ్చినట్టు జనం వాటిని చంకనేసుకుని వస్తారు కాబట్టి వీధి వీధంతా ఆమెను డాక్టరమ్మ అంటుంది. రెండో ఆవిడ ఆమె అన్న భార్య, వదిన. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. పొద్దున్నుంచీ పక్క సీట్లో కూర్చుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, కొత్తవాళ్ళచేత గంటకు ఇరవై కిలోమీటర్లు దాటకుండా నడిపిస్తుంది. ఇంటికొచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కుని, కంప్యూటర్లో రేసు కారెక్కి మూడొందల మీద పోతుంది. ఆ పోవడం ఎందాకా వచ్చిందంటే, రేసు గేముల పోటీలో ఫైనలుకు మిగిలిన ఆరుగురిలో తనొకతె. ఫైనలు రేపు పొద్దున పదింటికి, ఊళ్ళోని ఫంక్షన్ హాల్లో.

చిక్కంతా అక్కడే ఉంది. హాల్లో ఆ ఆరుగురూ నడపబోయే ఆరు కంప్యూటర్లనూ బిగించి ఇచ్చింది డాక్టరమ్మే. వదిన కంప్యూటరుకు అవి అచ్చం తోబుట్టువులు. అదే డబ్బా, తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డూ అదే. రెండు నెలలుగా ఇంట్లోది బ్రహ్మాండంగా నడుస్తోందని వదిన చెబుతూ వచ్చింది కాబట్టే డాక్టరమ్మ ధైర్యంగా హాలుకూ అదే కార్డు ఎంచింది. ఇవాళ మధ్యాహ్నం భోజనానికి పైకి వచ్చి, వదిన సాధన చూద్దామని సరదాగా కుర్చీ లాక్కుని కూర్చుంది. పదిహేడో ల్యాపులో, అంటే ట్రాకు మీద పదిహేడో చుట్టులో, తెర టప్పున ఆరిపోయింది. వదిన ఏమాత్రం ఆశ్చర్యపోకుండా, "కొన్న పదో రోజు నుంచీ ఇంతే," అనేసింది.

ఇదిగో, కథ అక్కడుంది.

ఆ మాట వినగానే డాక్టరమ్మకు కోపం వచ్చినా బాగుండేది, కాసేపు అరిచి ఊరుకునేది. వచ్చింది సిగ్గు. ఎందుకంటే ఆ కార్డు తను పట్టుబట్టి కొనిపించింది. వదిన మనసు అప్పట్లో మూడు ఫ్యాన్ల కార్డు మీద పడింది. మూరెడు పొడుగు, అంచు పొడుగునా రంగుల దీపాలు, చూడ్డానికి మహారాణిలా ఉంది. డాక్టరమ్మ టేపు తీసి డబ్బా లోపల కొలిచి చూపించింది. అంత పొడుగు కార్డు పెడితే దాని మూతి వెళ్ళి ముందరి ఫ్యాన్లకు తగులుతుంది, చల్లగాలి లోపలికి రావడానికి సందే ఉండదు అంది. ఫ్యాన్లు ఎన్నున్నాయని కాదు, వాటికి అందే గాలి ఎంతని చూడాలి అంది. పొట్టిదైనా ఒళ్ళున్న కార్డు తీసుకో, వేడిని లాగే రేకులు దీనికి మందంగా ఉన్నాయి అని బల్ల గుద్ది చెప్పింది. వదిన ఆ దీపాల వంక ఒకసారి ఆశగా చూసి, నువ్వు చెప్పావు కాబట్టి ఇదే తీసుకుంటానంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

డాక్టరమ్మ మెడ వంచి, చీరకొంగు దోపుకుని, పనిలోకి దిగింది. మళ్ళీ ఆన్ చేయించి, వదినను కారెక్కించి, పక్కన కూర్చుని కార్డు వేడి ఎంతుందో చూస్తూ పోయింది. పదో ల్యాపుకు తొంభై ఒక్క డిగ్రీలు. ఫ్యాన్లు గోలపెడుతున్నాయి. పక్క తలుపు ఊడదీసి మళ్ళీ నడిపించింది. డెబ్బై రెండు. చేయి పెడితే వెచ్చగా ఉంది, అంతే. తలుపు మూస్తే మళ్ళీ తొంభై.

ఆ రెండు అంకెలూ చూసేసరికి ఆమెకు హాలు గుర్తొచ్చింది. హాలుకు పంపిన ఆరింటినీ తను ఒక్కోటీ గంటసేపు పరీక్ష చేసింది. ఎలా చేసింది? బల్ల మీద పెట్టి, పక్క తలుపు తీసి. అది ఆమె అలవాటు. లోపల ఫ్యాన్లు ఎలా తిరుగుతున్నాయో కళ్ళారా చూడకపోతే ఆమెకు పరీక్ష చేసినట్టే ఉండదు. పన్నెండేళ్ళుగా అంతే చేస్తోంది, పన్నెండేళ్ళుగా ఎవరూ ఫిర్యాదుతో తిరిగి రాలేదు. తలుపులు మూసి, స్క్రూలు బిగించి, నిన్న సాయంత్రం హాలుకు చేర్చింది. మూసిన తలుపుతో ఒక్కటీ నడిపి చూడలేదు.

పైగా వాటిని ఇప్పుడు ముట్టుకోవడానికి లేదు. ఒకింట్లో ఒకరు పోటీలో ఉన్నారు, ఇంకొకరు కంప్యూటర్లు ఇచ్చారు, రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని నిన్న డాక్టరమ్మే ముందుకొచ్చి ఆరు డబ్బాలకూ కాగితం సీళ్ళు అంటించి వాటి మీద సంతకం చేసింది. ఇకమీద మా ఇంటి చెయ్యి వీటి మీద పడదని కాగితం రాసిచ్చింది. పోటీ జరిపిస్తున్న పెద్దాయన ఆమె నిజాయితీకి మురిసిపోయి, ఏదన్నా తేడా అనిపిస్తే మాత్రం రేపు సాయంత్రం ఆరులోగా చెప్పమ్మా అన్నాడు. పక్క ఊళ్ళో ఇంకొకరి దగ్గర ఆరు కంప్యూటర్లు సిద్ధంగా ఉన్నాయి, ఆరు దాటితే అవి వేరేచోటికి వెళ్ళిపోతాయి. ఆ రేపు ఇవాళ్టికి వచ్చేసింది. గోడ మీద గడియారం మూడు చూపిస్తోంది.

చెబితే రేసు దక్కుతుంది, పన్నెండేళ్ళ పేరు పోతుంది. చెప్పకపోతే రేపు పదిహేడో ల్యాపులో ఆరు తెరలూ వరసగా ఆరిపోతాయి, అందులో వదినది ఒకటి. ఆమె మనసులో ఈ రెండే తిరుగుతున్నాయి.

ముందు తన తప్పులన్నీ వెతుక్కుంది. ముందరి ఫ్యాన్లు తిరగేసి బిగించానేమో అని చూసింది. లేదు, సరిగ్గానే ఉన్నాయి. వైరు ఏదైనా అడ్డం పడిందేమో అని చూసింది. అదీ లేదు. టార్చి వేసి మూలమూలలా చూస్తే ఒక వింత కనిపించింది. రోడ్డు వైపు కిటికీ ఉన్న గది, రెండు నెలలు నడిచిన కంప్యూటరు, లోపల చిటికెడు దుమ్ము లేదు. ఆమె చేతికొచ్చే కంప్యూటర్లలో పిచ్చుక గూడు కట్టుకునేంత దుమ్ముంటుంది. నీ అంత శుభ్రంగా ఉంచేవాళ్ళను నేను చూళ్ళేదు వదినా అని మనస్ఫూర్తిగా మెచ్చుకుంది. ఆ మెప్పుకు వదిన ముఖం వెలగాల్సింది పోయి వాడిపోయింది. టీ పెట్టనా అని మూడోసారి అడిగింది.

డాక్టరమ్మకు టీ సంగతి పట్టలేదు. పలచటి కాగితం ముక్క ఒకటి చింపి, డబ్బా ముందరి జాలీకి దగ్గరగా పట్టుకుంది. లోపల ఫ్యాన్లు గాలి లాగుతుంటే కాగితం వెళ్ళి జాలీకి అతుక్కోవాలి. అది కదల్లేదు. ఆమె వేళ్ళ మధ్య బద్ధకంగా వేలాడుతూ ఉండిపోయింది. అంటే ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి లోపలికి పోవడం లేదు. సరే, ఈ ముందరి మూత ఊడదీసి చూద్దామని చెయ్యి చాపింది.

వదిన చటుక్కున వచ్చి డబ్బాకు అడ్డంగా నేల మీద చతికిలబడింది.

"అన్నీ విప్పుకో. అది మాత్రం తీయకు."

ఎదురుగా నిప్పుల మీద నిలబడ్డట్టు ఆడపడుచు ఉంది, నేల మీద తప్పు చేసిన బడిపిల్లలా వదిన ఉంది. రోజూ పది మందికి బ్రేకు తొక్కమని గదమాయించే మనిషికి ఇవాళ తన నోటి మీద పడ్డ బ్రేకు తీయడం రావడం లేదు. డాక్టరమ్మ రెండుసార్లు మంచిగా అడిగింది, మూడోసారి గట్టిగా అడిగింది. పక్క గదిలో కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. వదిన ఆ చప్పుడు వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

ఇక లాభం లేదనుకుని డాక్టరమ్మ ఫోను చేతిలోకి తీసుకుంది. నా ఎంపికే తప్పు, ఆ డబ్బాలో ఈ కార్డుకు ఊపిరాడదు, పెద్దాయనకు ఫోను చేసి నా కంప్యూటర్లు వద్దని చెప్పేస్తాను, నీ రేసన్నా నిలబడుతుంది అంది. వదినకు అప్పటిదాకా ఇది ఇంత దూరం వెళుతుందని తెలియదు. తన గదిలో తను పడుతున్న తిప్పలు అనుకుంది గానీ, ఆడపడుచు పేరు దీనికి ముడిపడి ఉందని తట్టలేదు. గభాలున లేచి ఫోను మీద చెయ్యి వేసింది. "ఆగు. నీ ఎంపిక తప్పు కాదు. తియ్యి. తీసి చూడు, కానీ అరవకు."

కింది అంచు పట్టుకుని లాగితే మూత ఊడి చేతికొచ్చింది. డాక్టరమ్మ దాన్ని తిప్పి చూసింది.

జాలీకి లోపలి వైపు నల్లటి లైనింగ్ గుడ్డ. ఏదో అడ్డంగా అంటించింది కాదు. నాలుగంచులూ మడిచి, హెమ్మింగ్ చేసి, జాలీ కన్నాల్లోంచి నల్లదారం పోనిచ్చి కుట్టిన గుడ్డ. మూలల్లో చిన్న చిన్న మడతలు, ఎక్కడా ముడత లేదు. ఆవగింజంత కుట్లు. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే తప్ప అది గుడ్డ అని తెలియదు. ఆ కుట్లు ఎవరివో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్నప్పటి ప్రతి లంగా అంచుకూ అవే కుట్లు. అవి అమ్మవి.

అరవడం మాట దేవుడెరుగు, ఆమెకు ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళలో నీళ్ళొచ్చాయి.

వదిన గొంతు తగ్గించి అంతా చెప్పింది. కంటి ఆపరేషన్ అయ్యాక అత్తగారు సూది ముట్టలేదని డాక్టరమ్మకూ తెలుసు. మిషను మీద దుప్పటి కప్పేసి, ఇక నా పని అయిపోయిందమ్మా అనుకుంటూ కిటికీ దగ్గర కూర్చునేది. కంప్యూటరు ఇంటికొచ్చిన పదో రోజున వదిన డ్యూటీ నుంచి రాగానే ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చింది. మొదటిసారికే దారం సూదిలోకి ఎక్కిందట. రెండు నెలల తర్వాత కుట్టిన మొదటి కుట్టు నీ కంప్యూటరుకే అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది. మర్నాటి నుంచి మిషను మీద దుప్పటి లేదు.

"ఆ మొహం చూశాక తీసేయండి అత్తయ్యా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నీకు చెబితే నువ్వు ఆవిణ్ణి కసురుతావు."

మరి ఇన్నాళ్ళూ ఎలా నడిపావంటే, దానికీ దారి కనిపెట్టుకుందట. గేములో నీడలు ఆపేసింది. వాన ఆపేసింది. చెట్లు తీసేసింది, రేసు చూసే జనాన్ని తీసేసింది. కార్డుకు పని తగ్గితే వేడి తగ్గుతుంది కదా. మిగిలింది బూడిదరంగు రోడ్డు, దాని మీద కార్లు. ఏడు వారాలు అలా ఎడారిలో నడిపి ఫైనలుకు వచ్చింది. ఇవాళ ఫైనలు ముందురోజు కదా అని అన్నీ ఆన్ చేసి ఒకసారి చూసుకుందామనుకుంది, దొరికిపోయింది. కొనేటప్పుడు దీపాల కార్డు వంక అంత ఆశగా చూసిన మనిషి ఈమేనా అని డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. వదినంటే ఆమెకు మొదటినుంచీ ఇష్టమే, కానీ ఇంత ఇష్టమని ఇప్పుడే తెలిసింది. భుజం మీద ఒక్కటి వేసి, నీ అంత మొండిదాన్ని నేను ఎక్కడా చూళ్ళేదు అంది.

కుట్టుమిషను చప్పుడు ఎప్పుడు ఆగిందో ఇద్దరూ గమనించలేదు. తల ఎత్తి చూస్తే గుమ్మంలో అమ్మ ఉంది. మెడలో టేపు, చేతిలో కత్తెర. ఊడిన మూతను చూసింది, కూతురి కళ్ళను చూసింది, ఏమైందంది. దాచడానికి ఇంకేం మిగల్లేదు. కార్డుకు గాలి అందడం లేదమ్మా అని డాక్టరమ్మ వీలైనంత మెత్తగా చెప్పి, అయినా ఇలా కుట్టమని నీకెవరు చెప్పారు అని అడిగింది.

"నువ్వే కదే."

డాక్టరమ్మ తెల్లముఖం వేసింది. అమ్మ అంతా పూసగుచ్చినట్టు చెప్పింది. మేడమీంచి షాపుకు ఫోను చేసి, కోడలి కంప్యూటరు నిండా రోడ్డు దుమ్ము పోతుందే, ఏం చేయాలని అడిగితే, పక్కా లైనింగ్ వేసి కుట్టెయ్యమ్మా అన్నావు. వెనక ఎవరో నవ్వారు కూడా. అప్పుడు గుర్తొచ్చింది డాక్టరమ్మకు. ఎవరిదో డబ్బాలో తల దూర్చి ఉంది, చేతిలో స్క్రూ జారిపోతోంది, ఏదో ఒకటి అని ఫోను పెట్టేద్దామని హాస్యానికి అంది. అంది, మర్చిపోయింది. డబ్బాల సంగతిలో కూతురి మాట అంటే అమ్మకు తిరుగులేదు. ఆవిడ హాస్యం అనుకోలేదు, పని చెప్పిందనుకుంది. ఆర్నెల్లకోసారైనా తల్లి మాట వినని కూతురు, ప్రతి మాటా పట్టించుకునే తల్లి. డాక్టరమ్మకు తల కొట్టేసినట్టయింది.

అమ్మ మాత్రం చిన్నబుచ్చుకోలేదు. కోడలి వైపు తిరిగి చెడామడా తిట్టింది. నా కుట్టు ఎక్కువా నీ రేసు ఎక్కువా, ముందే చెబితే నేనేమన్నా విరిగిపోతానా, కుట్టిన చేత్తో విప్పలేనా అంది. తిడుతూనే కోడలి చెంప నిమిరింది. తర్వాత కిటికీ దగ్గర కూర్చుని, కత్తెర మొనతో ఒక్కో కుట్టూ తెంపి, దారం లాగేసి, ఎక్కడా జాలీకి గీత పడకుండా గుడ్డను విడదీసింది. కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు. కూతురూ కోడలూ ఒకరినొకరు చూసుకున్నారు.

మూత బిగించారు. తలుపు మూశారు. డాక్టరమ్మ కాగితం ముక్క జాలీ దగ్గర పట్టుకుంటే అది చేతిలోంచి లాక్కున్నట్టు వెళ్ళి అతుక్కుంది. వదిన నీడలు పెట్టింది, వాన పెట్టింది, చెట్లూ జనం అందరినీ వెనక్కి పిలిచింది. కారు బయల్దేరింది. పది ల్యాపులకు అరవై ఎనిమిది డిగ్రీలు. పదిహేడో ల్యాపు వచ్చింది, అదీ దాటిపోయింది. నలభై ల్యాపులయ్యాక కూడా డెబ్బై దాటలేదు. ఫ్యాన్ల గోల లేదు, సన్నటి రొద అంతే. ఆ రోడ్డు పక్కనున్న జనం ఎవరే అని అమ్మ అడిగితే, మీ కోడల్ని చూడ్డానికొచ్చారు అత్తయ్యా అని వదిన రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా చెప్పింది. చాలా రోజుల తర్వాత ఆ గదిలో ముగ్గురూ హాయిగా నవ్వుకున్నారు.

డాక్టరమ్మకు ప్రాణం లేచొచ్చింది. కార్డు మంచిదే. డబ్బా మంచిదే. తన మాట నిలబడింది. ఆరుకు ఇంకో ఐదు నిమిషాలుంది. పెద్దాయనకు ఫోను చేసి, నిండు గొంతుతో, ఆ ఆరింటికీ పూచీ నాది, నిశ్చింతగా ఉండండి, రేపు ఒక్కటి కూడా ఆగదు అని చెప్పింది. ఆయన సంతోషించి, అయితే ఆ పక్క ఊరి వాళ్ళను వద్దని పంపించేస్తున్నానమ్మా, బండి సిద్ధంగా పెట్టుకుని నా మాట కోసమే కూర్చున్నారు అన్నాడు. ఆమె వింటుండగానే ఇంకో ఫోన్లో వాళ్ళకు ఆ మాట చెప్పేసి పెట్టేశాడు.

అమ్మ విడదీసిన గుడ్డను ఒళ్ళో పెట్టుకుని, అరచేత్తో సాపు చేసి, నాలుగు మడతలు పెట్టింది. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది.

"అయితే ఆ ఆరింటికీ కూడా విప్పాలంటావా?"

ఏ ఆరింటికమ్మా అని అడిగింది డాక్టరమ్మ. వదిన గేము స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి వెనక్కి తిరిగింది. తెర మీద కారు వెళ్ళి కంచెను గుద్దుకుంది.

ఇంకే ఆరు, మొన్న నువ్వు వైర్ల కోసం బజారుకు వెళ్ళినప్పుడు షాపులో ముందరి మూతలు ఆరూ గోడకానించి పెట్టావు కదా, వాటికే అంది అమ్మ. ఇంట్లోదానికి కుట్టి, పరాయిచోటికి వెళ్ళేవాటికి కుట్టకపోతే బాగుండదనిపించిందట.

"హాల్లో జనం తిరుగుతారు, దుమ్ము ఎక్కువ లేస్తుంది కదా అని వాటికి రెండు పొరలు వేశానే."